పేద పిల్లలకు వాడలోనే చదువు: కేంద్రం మొదలుపెట్టి నిలబెట్టడం ఎలా

అయిదో తరగతి పిల్లాడు. నోట్సు నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు మీద ఉన్నదంతా ఒక్క తప్పు లేకుండా దించేశాడు. "ఇందులో నీకిష్టమైన వాక్యం ఒకటి చదువు నాన్నా" అన్నాను. తల వంచుకున్నాడు. రాయడం వచ్చు, చదవడం రాదు. అంటే అక్షరాలను బొమ్మల్లా గీస్తున్నాడన్నమాట. చదువు చెబుదామని నేను వెళ్లిన మొదటి వారంలోనే ఇది చూశాను. ఆ రోజు నా సంచిలో ఉన్నది అయిదో తరగతి గైడు.

ఇలాంటివాడు అతనొక్కడే కాదు. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో సుమారు 70 శాతం మంది ఒక చిన్న పాఠం చదివి అర్థం చేసుకోలేరని ప్రపంచ బ్యాంకు 2022లో అంచనా వేసింది. వీళ్లలో చాలామంది బడికి పోతున్నవాళ్లే. కాబట్టి వాడలో చదువు అంటే బడి ముఖం చూడని పిల్లలకు మాత్రమే కాదు, బడిలో కూర్చున్నా ఏమీ అంటని పిల్లలకు కూడా.

రోజుకు గంటన్నర సమయం, కూర్చోవడానికి ఒక చోటు, తోడుగా ఒకరిద్దరు మనుషులు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో గట్టిగా పట్టుకోవాల్సినవి రెండే. పిల్లల వయసు చూసి కాదు, వాళ్లకు ఇప్పటికి ఏం వచ్చో చూసి చెప్పాలి. మానకుండా రోజూ చెప్పాలి. మిగతావన్నీ ఈ రెండూ జారిపోకుండా కాసుకోవడానికే.

మొదటి రెండు వారాలు: బోర్డు కట్టకండి, తిరగండి

ప్రారంభోత్సవం పెట్టుకోవాలని అందరికీ ఉంటుంది. ఆ సరదా పక్కన పెట్టి, ఒక చిన్న నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగండి. పిల్లల పేర్లు, సుమారు వయసు, బడికి పోతున్నారా లేదా, మానేస్తే ఎప్పుడు మానేశారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇవన్నీ రాసుకోండి. అసలు ప్రశ్న ఇంకొకటుంది. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఈ పిల్ల ఏం చేస్తుంది?" అని అడగండి. నీళ్లు మోసేది ఎప్పుడు, చంటిపిల్లను చూసేది ఎప్పుడు, పనికి పోయేది ఎప్పుడు అన్నీ అప్పుడే బయటికొస్తాయి.

ఈ పని చేయకుండా నేను మొదలుపెట్టాను. సాయంత్రం ఆరు గంటలు నాకు వీలు కాబట్టి అదే పెట్టాను. నెల తిరిగేసరికి చూస్తే మగపిల్లలే మిగిలారు. ఆడపిల్లలకు అది వంటలో చెయ్యివేసే వేళ, తమ్ముళ్లను ఎత్తుకునే వేళ అని ఎవరూ నాకు చెప్పలేదు. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు. నాలుగు గంటలకు మార్చాక వాళ్లు వచ్చారు, చంకలో తమ్ముళ్లతో సహా.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1985లో 22 ఒంటిగది బడులతో ఇలాంటి పనే మొదలుపెట్టింది. గదికి ముప్పై మంది దాకా పిల్లలు, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. టీచరు ఆ ఊరి మహిళే. బడి వేళలు తల్లిదండ్రులకు అనుకూలంగా ఉండేవి, కోతల కాలం వస్తే మారేవి. తర్వాత అది వేల బడులకు పెరిగింది. భవనాలు చూసి పిల్లలు రాలేదు. దగ్గరగా ఉండటం, తెలిసిన మనిషి చెప్పడం, ఇంటి పనికి అడ్డం పడని వేళ, ఇవే వాళ్లను రప్పించాయి.

చోటు, వేళ, ఎంతమంది

చిన్నపిల్లలు ఒంటరిగా నడిచి రాగలిగేంత దగ్గరలో ఉండాలి. దారిలో పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే ఆ చోటు వద్దు. నెత్తిన నీడ, తాగే నీళ్లు, వెలుతురు, దగ్గరలో మరుగుదొడ్డి చూసుకోండి. నాలుగోది చాలామందికి గుర్తుండదు. పదేళ్లు దాటిన ఆడపిల్లలు రాకపోవడానికి సగం కారణం అదే. ప్రార్థనా స్థలం వరండా ఖాళీగా ఉంటుంది నిజమే, కానీ వేరే నమ్మకం ఉన్న కుటుంబాలు పిల్లల్ని పంపుతాయో లేదో ముందే కనుక్కోండి. ఎవరి స్థలమైనా అనుమతి నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద తీసుకోండి. ఊళ్లో మాట పట్టింపులొస్తే ముందు పోయేది ఆ వరండానే.

ఒకరు చెప్పడానికి ఇరవై మంది పిల్లలు సుఖం, ముప్పై దాటితే కష్టం. వారానికి కనీసం అయిదు రోజులు, రోజుకు గంటన్నర ఉండాలి. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు చెప్పే కేంద్రాలు చూశాను. పిల్లలకు ఆటవిడుపుగా బాగుంటాయి, చదువు మాత్రం పట్టుబడదు. ఇవాళ నేర్చుకున్న అక్షరం రేపు కళ్లపడాలి, ఎల్లుండి మళ్లీ పడాలి. వారం దాటితే అది కొత్త అక్షరమే.

పలక పట్టించే ముందు పరీక్షించండి

ఈ అడుగు దాటేస్తే మిగతాది అంతా గాలిలో మేడ. ఒక్కో పిల్లతో విడిగా పది నిమిషాలు కూర్చుని చూడాలి. భారతదేశంలో 2005 నుంచి అసర్ అనే ఇంటింటి సర్వేలో వాడుతున్న పద్ధతి చాలా దేశాలకు పాకింది, ఎందుకంటే దానికి ఒక్క కాగితం చాలు. ఆ కాగితం మీద నాలుగు ఉంటాయి: కొన్ని విడి అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, నాలుగు తేలిక వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల చిన్న కథ.

మొదట పేరా చూపించండి. తడబడకుండా, వాక్యంలా చదివితే కథ ఇవ్వండి. పేరా రాకపోతే పదాలకు దిగండి. అయిదు పదాల్లో నాలుగు చదివితే ఆ పిల్ల పదాల స్థాయి. అదీ రాకపోతే అక్షరాలు. అయిదింటిలో నాలుగు గుర్తుపడితే అక్షరాల స్థాయి, లేకపోతే ఆరంభ స్థాయి. లెక్కలకూ ఇలాగే: 1 నుంచి 9 వరకు అంకెలు, 10 నుంచి 99 వరకు సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, ఒక భాగహారం.

కూర్చునే తీరు కూడా ముఖ్యం. ఎదురుగా కాదు, పక్కన కూర్చోండి. "పరీక్ష" అనే మాటే ఎత్తకండి. మిగతా పిల్లల్ని దూరంగా ఆడుకోనివ్వండి, లేకపోతే వెనకనుంచి జవాబులు అందుతాయి. తప్పు చదివితే దిద్దొద్దు, మొహంలో కూడా కనబడనీయొద్దు. "ఇందులో నీకు నచ్చిన అయిదు అక్షరాలు చదువు" అని ఎంపిక వాళ్లకే ఇవ్వండి. సిగ్గుపడి నోరు విప్పని పిల్లను రాదని రాసేయకండి, మర్నాడు ఇంకోసారి చూడండి. నేను సున్నా అని రాసుకున్న ఒక అమ్మాయి రెండో రోజు కథ చదివేసింది.

గుంపులు

ఫలితాలన్నీ ఒక పట్టీలో వేస్తే విచిత్రంగా ఉంటుంది. పన్నెండేళ్లవాడు అక్షరాల దగ్గర, ఏడేళ్ల పిల్ల పేరా దగ్గర. ఇప్పుడు వయసు మర్చిపోయి స్థాయిని బట్టి గుంపులు కట్టండి. మూడు గుంపులు సరిపోతాయి: ఆరంభం, అక్షరాలు ఒక గుంపు, పదాలు ఒకటి, పేరా, కథ ఒకటి. లెక్కలకు గుంపులు వేరేగా పడతాయి, పడనివ్వండి.

ఈ ఆలోచన వెనక చాలా పరీక్ష జరిగింది. 1990ల మధ్యలో ముంబయిలో మొదలైన ప్రథమ్ సంస్థ, వెనకబడ్డ పిల్లలను రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి మొదటి పాఠాలు చెప్పేందుకు ఆ చుట్టుపక్కల యువతులను పెట్టింది. ముంబయి, వడోదరల్లో దాన్ని కొలిచిన ఆర్థికవేత్తల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. మార్కులు పెరిగాయి, అందరికన్నా వెనకున్నవాళ్లకే ఎక్కువ పెరిగాయి. పేదరికం మీద ఇలాంటి క్షేత్ర ప్రయోగాలకే వాళ్లిద్దరికీ, మైకేల్ క్రెమర్‌కూ 2019లో నోబెల్ వచ్చింది. జాంబియాలో కూడా ప్రభుత్వం 2016లో ఈ స్థాయి గుంపుల పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టి తర్వాత విస్తరించింది.

పెద్ద పిల్లలకు చిన్నవాళ్ల పక్కన కూర్చోవడం నామోషీ. దీనికి నాకు దొరికిన మందు ఒకటే, గుంపులకు అంకెలు పెట్టకపోవడం. "మొదటి గుంపు, మూడో గుంపు" అంటే ఎవరు ఎక్కడున్నారో ఊరంతా తెలిసిపోతుంది. చెట్ల పేర్లో, పిట్టల పేర్లో పెట్టండి. ఆ పన్నెండేళ్లవాడికి చాపలు పరిచే బాధ్యతో, హాజరు పిలిచే పనో ఇవ్వండి. పెద్దరికం అక్కడ దక్కితే అక్షరాల దగ్గర కూర్చోవడానికి పెద్దగా బాధపడడు.

చదవడం నేర్పడం

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

'అ' నుంచి 'ఱ' వరకు వరసగా వల్లె వేయించడం మనకు అలవాటు. తెలుగులో మూడు నెలలైనా ఆ వరస తెమలదు, ఒక్క పదం చదివిన సంతోషం పిల్లకు దక్కదు. పైగా వరసలో పాడే పిల్లకు మధ్యలో వేలు పెట్టి అడిగితే మళ్లీ మొదటి నుంచి పాడుకోవాలి. వరస పక్కన పెట్టి, వెంటనే పదాలు పుట్టే అక్షరాలతో మొదలుపెట్టండి. త, ల, క, ప, ర, గ. ఆరే. మూడో రోజుకే తల, కల, పలక చదవొచ్చు. దీర్ఘం ఒక్కటి చేర్చండి: తాత, పాప. కొమ్ము చేర్చండి: కాలు, పాలు, కారు, తలుపు, పరుగు, పలుకు. ఆరు అక్షరాలు, రెండు గుణింతపు గుర్తులతో పిల్ల చేతిలో దాదాపు డజను పదాలు పడ్డాయి. 'తలుపు' అని రాసిన అట్టముక్కను కేంద్రం తలుపుకే అంటించండి. రోజూ లోపలికి వస్తూ దాన్ని చదివి వస్తారు.

పోలికలున్న అక్షరాలను ఒకే వారంలో పెట్టకండి. ప వచ్చాక వ కోసం రెండు వారాలు ఆగండి. ద, ధ, థ కూడా అంతే. వత్తులకు తొందర లేదు, గుణింతం స్థిరపడ్డాక 'అమ్మ', 'అక్క', 'అన్న'లాంటి ద్విత్వాలతో మొదలుపెడితే తేలిగ్గా దొరుకుతాయి.

అక్షరాన్ని చేత్తో తడిమితే త్వరగా నిలుస్తుంది. 1907 జనవరిలో మరియా మాంటిస్సోరి రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదవాడలో పిల్లల ఇల్లు తెరిచారు. అక్కడ పిల్లలు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలితో దిద్దేవారు. గరుకు కాగితం లేకపోతే పళ్లెంలో సన్నటి ఇసుక చాలు. ఇసుకలో తప్పు రాస్తే అరచేత్తో ఒక్కసారి చెరిపేయొచ్చు. కాగితం మీద కొట్టివేత కనబడుతుందని భయపడే పిల్ల ఇసుకలో ధైర్యంగా రాస్తుంది.

అన్నిటికన్నా బాగా పనిచేసేది ఒకటుంది, దానికి పుస్తకం అక్కర్లేదు. గుంపును కూర్చోబెట్టి "నిన్న ఏం జరిగింది?" అని అడగండి. ఒక పిల్ల, "మా కుక్క పారిపోయింది. నేను ఏడ్చాను. అది రాత్రికి వచ్చింది" అంటుంది. ఆ మూడు వాక్యాలను ఆ పిల్ల మాటల్లోనే, మీరు దిద్దకుండా, పెద్ద కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. మీరు పదం పదం వేలు పెట్టి చదవండి, తర్వాత అందరూ కలిసి చదవాలి, ఆపైన ఒక్కొక్కరు. "కుక్క ఎక్కడుందో చూపించు" అంటే పరుగెత్తుకొచ్చి వేలు పెడతారు. తను అన్న మాట కాగితం మీదికెక్కి అందరి నోటా వినబడేసరికి ఆ పిల్ల మొహం చూడాలి! ఆ కాగితాలన్నీ కుట్టి దాచండి. రెండు నెలల్లో అదే మీ గుంపు వాచకం అవుతుంది.

ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలుంటే మొదటి నెలల్లో మాటలు, ఆటలు వాళ్ల భాషలోనే నడవనివ్వండి. ఆ భాష తెలిసిన ఒక పెద్దపిల్లనో, తల్లినో పక్కన కూర్చోబెట్టుకోండి. అర్థం తెలియని మాటను కూడబలుక్కుని చదివితే అది చదవడం కాదు, చప్పుడు చేయడం.

ఇక కథ స్థాయి పిల్లలకు పాఠం చెప్పనక్కర్లేదు. పుస్తకాలు అందుబాటులో పెట్టండి, చదివాక ఒక్క ప్రశ్న అడగండి. అదీ జవాబు పుస్తకంలో నేరుగా దొరకని ప్రశ్న.

లెక్కలు: వాళ్లకు వచ్చిన దగ్గర్నుంచి

బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లలపై 1985లో ఒక పరిశోధన అచ్చయింది. పరిశోధకులు కొనేవాళ్లలా వెళ్లి బేరం మధ్యలో లెక్కలడిగితే 98 శాతం సరైన జవాబులొచ్చాయి. అవే రకం లెక్కలను అంకెలుగా కాగితం మీద ఇస్తే 37 శాతం. ఒకటి 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంతని అడిగితే ఆ పిల్లాడు పక్కన సున్నా పెట్టలేదు. మూడింటికి 105, ఇంకో మూడు వేస్తే 210, అలా పోగేసుకుంటూ 350కి చేరాడు. తెలివితేటలకు లోటేం లేదు. కాగితం మీది గుర్తులతోనే పరిచయం లేదు.

కాబట్టి నోటి లెక్కతో మొదలుపెట్టి కాగితానికి తీసుకురండి. బజారు ఆట ఆడించండి, కాగితం నోట్లు చేయండి. పిల్ల నోటితో చెప్పిన దారినే మీరు పక్కన అంకెల్లో రాసి చూపండి. "నువ్వు ఇప్పుడు చేసిందే ఇది" అంటే కళ్లు పెద్దవవుతాయి.

పదులు, ఒకట్లు అర్థం కావడానికి పుల్లలు చాలు. పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. 43 అంటే నాలుగు కట్టలు, మూడు విడిపుల్లలు. ఇప్పుడు 43లోంచి 18 తీయమనండి. విడిగా మూడే ఉన్నాయి, ఎనిమిది కావాలి. పిల్ల ఒక్క క్షణం ఆగి, చూసి, ఒక కట్ట రబ్బరు బ్యాండు తనే లాగేస్తుంది. పుల్లలు చాప మీద చెల్లాచెదురవుతాయి. అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పని చేతులతో పదిసార్లు చేశాకే పలక మీద తీసివేత పెట్టండి. ఎక్కాలు వద్దని కాదు, కట్టల తర్వాత రావాలి.

గంటన్నర ఎలా గడవాలి

మొదటి పది నిమిషాలు అందరూ కలిసి పాట, చేతులు కడుక్కోవడం, హాజరు. తర్వాత నలభై నిమిషాలు గుంపుల్లో చదువు, పది నిమిషాలు ఒళ్లు కదిలే ఆట, పాతిక నిమిషాలు లెక్కలు. చివరి అయిదు నిమిషాలు మీరు ఒక కథ గట్టిగా చదివి వినిపించండి, మంచి పట్టులో ఆపేయండి. మర్నాటి హాజరుకు అంతకన్నా మంచి ఎర నాకింకా దొరకలేదు.

హోంవర్క్ ఇవ్వకండి. ఇంట్లో దీపం ఉందో లేదో, కూర్చునే చోటుందో లేదో తెలియకుండా ఇచ్చే హోంవర్క్ మర్నాడు ఎగ్గొట్టడానికి కారణం అవుతుంది.

రానివాళ్ల సంగతి

నిజమైన టెన్షన్ ఇదే. చెప్పడం తేలిక, రప్పించడం కష్టం. వరసగా రెండు రోజులు రాని పిల్ల ఇంటికి మూడో రోజు వెళ్లాలని నియమం పెట్టుకోండి. వెళ్లినప్పుడు "ఎందుకు రాలేదు?" అనొద్దు, అది నిలదీసినట్టుంటుంది. "కనబడలేదని చూద్దామని వచ్చాను" అనండి. కారణం వాళ్లే చెబుతారు, చాలావరకు దానికి చదువుతో సంబంధం ఉండదు. జ్వరం, తల్లికి పని, చెప్పుల్లేకపోవడం, దారిలో ఎవడో ఏడిపించడం.

చంటిపిల్లల్ని చూసుకునే అక్కలు మానకుండా రావాలంటే చంటిపిల్లలకూ చోటివ్వాలి. ఒక మూల చాప, నాలుగు చెక్కముక్కలు, వంతులవారీగా ఒక తల్లి చాలు. పనికి పోయే పిల్లలతో ముందు నమ్మకం కుదరాలి, మొదటి రోజే తల్లిదండ్రుల మీద కోప్పడితే ఆ పిల్ల మళ్లీ కనబడదు. అలాగని ప్రమాదకరమైన పనిలో, కట్టుబానిసత్వంలో ఉన్న పిల్లను చూసి ఊరుకోకూడదు. మీ ప్రాంతంలో బాలల రక్షణ చూసే అధికారులకు తెలియజేయాల్సిందే. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం ఉచిత ప్రాథమిక విద్య గురించి, 32వది పిల్లల శ్రమదోపిడీ గురించి. దాదాపు అన్ని దేశాలూ దానికి కట్టుబడ్డవే.

చదువు ఎక్కని పిల్లను ముందు కంటి పరీక్షకు పంపండి. కళ్లు చికిలించడం, పుస్తకం ముక్కుకు ఆనించుకోవడం, బోర్డు మీదిది పక్కవాడి పలక చూసి రాయడం, ఇవి మొండితనం కాదు, చూపు లోపం కావచ్చు. వినికిడి కూడా అంతే, చాలాకాలం చెవి కారిన పిల్లల విషయంలో ముఖ్యంగా. ఆకలి మరో సంగతి. తిండి పెట్టగలిగితే రోజూ పెట్టండి, లేకపోతే మొదలే పెట్టకండి. మూడు వారాలు పెట్టి ఆపేస్తే, పెట్టనప్పటికంటే తక్కువమంది వస్తారు.

పని కోసం ఊళ్లు మారే కుటుంబాల పిల్లలు మధ్యలో మాయమవుతారు. ప్రతి పిల్ల చేతికీ ఒక చిన్న కార్డు ఇవ్వండి: పేరు, ఏ తేదీకి చదువులో ఏ స్థాయి, లెక్కల్లో ఏ స్థాయి. వేరే ఊళ్లో ఏ టీచరు చేతిలో పెట్టినా మళ్లీ అ, ఆల నుంచి మొదలుపెట్టే బాధ తప్పుతుంది.

చెప్పేవాళ్లు

డిగ్రీ కన్నా ఓపిక చూడండి, అంతకన్నా ముందు అదే వాడలో ఉంటారా అని చూడండి. పదో తరగతి చదివి ఇంట్లో ఉన్న అమ్మాయి, వారానికి రెండు రోజులు ఎక్కడినుంచో వచ్చే పట్టభద్రుడి కంటే మేలు. మొదట నాలుగైదు రోజుల శిక్షణ ఇవ్వండి, అందులో సగం సమయం నిజమైన పిల్లలతోనే గడవాలి. తర్వాత వారానికోసారి గంటసేపు కలవండి. ఎవరి గుంపులో ఎవరు ఎక్కడ ఆగిపోయారు, ఈ వారం ఏం చేసి చూద్దాం అనేవే మాట్లాడండి, ఉపన్యాసాలు వద్దు. నెలనెలా ఎంతో కొంత గౌరవవేతనం తేదీ తప్పకుండా ఇవ్వండి. "సేవ కదా" అని పేదింటి అమ్మాయి చేత ఉత్తపుణ్యానికి పనిచేయించుకోవడం న్యాయం కాదు, మూడో నెలకు ఆమె మానేస్తుంది కూడా.

పెద్దపిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించడం పాత పద్ధతే. 1790ల్లో మద్రాసు అనాథ శరణాలయంలో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి దాన్ని తెచ్చి, పిల్లల చేతే పిల్లలకు చెప్పించి, తర్వాత ఇంగ్లండులో మద్రాసు పద్ధతిగా ప్రచారం చేశాడు. చవక కాబట్టి బాగా వ్యాపించింది. వందలమందికి ఒకే టీచరు అన్నదాకా సాగదీసేసరికి చదువు పోయి వల్లె వేయడం మిగిలింది. చదివి వినిపించడం, పుల్లలు కట్టించడం లాంటివి పెద్దపిల్లలకు ఇవ్వండి. కొత్త పాఠం మాత్రం మీరే చెప్పండి.

పిల్లల భద్రత

ఈ విషయంలో రాజీ లేదు. పిల్లలున్నప్పుడు ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఒక పిల్లతో ఒక పెద్ద మూసిన గదిలో ఉండకూడదు, ఎంత మంచివాళ్లైనా సరే. కొట్టడం, గోడకుర్చీ, నలుగురిలో ఎగతాళి ఏవీ వద్దు. పిల్లకు ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పుకోవాలో పిల్లలకూ తల్లిదండ్రులకూ మొదటి వారంలోనే చెప్పండి, ఆ మనిషి కేంద్రం నడిపేవాళ్లకు చుట్టమై ఉండకూడదు. కొత్త వాలంటీరు వస్తే అంతకుముందు పనిచేసిన చోట విచారించకుండా లోపలికి రానివ్వొద్దు.

ఫొటోలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒకసారి ఒక దాతల బృందం సంచులు పంచడానికి వచ్చి, ఫొటో బాగా రావాలని పిల్లల్ని మళ్లీ పాత చొక్కాలు తొడుక్కోమంది. వద్దనడానికి నాకు నోరు పెగల్లేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఇప్పుడు దాతలు వచ్చే ముందే చెప్పేస్తాను, పిల్లల మొహాలు, పేర్లు బయటికి పోవని.

డబ్బు, సామాను

మొదట కొనాల్సినవి చాపలు, పలకలు, సుద్ద, నల్లబల్ల, ఇసుక పళ్లేలు, యాభై అరవై కథల పుస్తకాలు, ప్రథమ చికిత్స పెట్టె. అంతే. ట్యాబ్లెట్లు ఇస్తామని ఎవరైనా వస్తే సంతోషమే గానీ, టీచరు జీతానికి పెట్టమని అడిగి చూడండి. పెరూ దేశం పిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. లెక్కలు, భాషల్లో మార్కులు పెరిగిన జాడ లేదని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. యంత్రం చేతికొచ్చింది, దాంతో ఏం చెప్పాలో చెప్పే మనిషి లేడు.

జమాఖర్చులు నెలకోసారి గోడకు అంటించండి. వాడలో నమ్మకం నిలిచేది అక్కడే.

బడితో పోటీ వద్దు

మీ కేంద్రం బడికి దారి కావాలి, బడికి బదులు కాకూడదు. బడి మానేసిన పిల్ల పేరా చదివే స్థాయికి రాగానే చేర్పించే పని మొదలుపెట్టండి. పుట్టిన తేదీ కాగితాలు, చిరునామా రుజువులు కూడగట్టడానికి నెలలు పడుతుంది, కాబట్టి ఆ పని పిల్ల వచ్చిన మొదటి నెలలోనే కదపండి. చేరాక మొదటి మూడు నెలలు మీ దగ్గరికి రావడం మానకూడదు, మళ్లీ జారిపోయేది అప్పుడే. బడి టీచరును వెళ్లి కలవండి, తప్పుపట్టడానికి కాదు, మీ స్థాయి పట్టీ చూపించడానికి. అరవై మందితో వేగే టీచరుకు ఆ పట్టీ నిజంగా పనికొస్తుంది.

యాభై రోజులకు మళ్లీ చూడండి

అదే కాగితంతో, అదే పద్ధతిలో, వీలైతే తన గుంపు టీచరు కాకుండా మరొకరు పరీక్షించాలి. మనం చెప్పిన పిల్ల తప్పు చదివినా మనకు ఒప్పే వినబడుతుంది. స్థాయి పెరిగినవాళ్లను గుంపు మార్చండి. కదలని పిల్లల జాబితా విడిగా రాసి, ఒక్కొక్కరి పక్కన కారణం వెతకండి: హాజరా, చూపా, భాషా, లేక మనం చెప్పే తీరా. గుంపులో సగంమంది కదలకపోతే లోపం పిల్లల్లో లేదు, పద్ధతి మార్చాలి.

ఫలితం తల్లిదండ్రులకు అంకెల్లో చెప్పకండి. ఒక సాయంత్రం వాళ్లను పిలిచి, ప్రతి పిల్ల చేతా తనకు వచ్చినంత చదివించండి. ఒకరు కథ, ఒకరు పేరా, ఒకరు అట్టముక్క మీద 'పలక', 'పాప'. చదువురాని తల్లికి పట్టీలో గీతలు ఏం చెబుతాయి? కూతురి గొంతు వినబడితే చాలు. నేను చూసిన ఒకామె కూతురు చదవడం ముగించాక ఆ అట్టముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వెళ్తూ వెళ్తూ, పెద్దవాళ్లకు ఏ వేళ పెడతారని అడిగింది.